జెవ్‌స్కీ తన పియానో రచనలు తనే వాయించిన రికార్డింగులు: ఏళ్ల తరబడి విన్నాక

ముందే చెప్పేస్తున్నా, ఇవి రాత్రి నిద్ర పట్టడానికి పెట్టుకునే పియానో రికార్డింగులు కావు. అట్లాంటివి కావాలంటే వాన చప్పుడు కలిపి మరీ యూట్యూబ్ నిండా ఉన్నాయి. ఫ్రెడరిక్ జెవ్‌స్కీ అనే అమెరికన్ పియానిస్టు 1975 నుంచి 1999 దాకా తను రాసిన పియానో రచనల్ని తనే వాయించగా, నన్‌సచ్ కంపెనీ 2002లో ఏడు సీడీల పెట్టెగా తెచ్చింది. అమెరికాలో ఉండే మా చిన్నాన్న కొడుకు దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొని, సెలవులకు వచ్చినప్పుడు చాక్లెట్లతో పాటు సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. అప్పట్నుంచి ఏళ్ల తరబడి వింటూనే ఉన్నా, ఆయనవి దొరికిన వేరే పాత రికార్డింగులు కూడా. నాది కావలి. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తా, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాకి పోతా, గ్రేడు పరీక్షలేవీ రాయలేదు. అందుకని ఇందులో పండితుల మాటలు వెతక్కండి.

ఆయన సంగతి క్లుప్తంగా. 1938లో మసాచుసెట్స్‌లో పుట్టాడు, హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌లలో చదివి 1960లో ఇటలీ చేరాడు, 1977 నుంచి బెల్జియంలోని లియేజ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు, 2021 జూన్‌లో ఇటలీలో పోయాడు. కుర్రతనంలోనే జర్మన్ సంగీతకర్త స్టాక్‌హౌజెన్ రాసిన పదో పియానో రచనని, అరచేతులతో, మోచేతులతో గుత్తులు గుత్తులుగా కీస్ నొక్కాల్సినదాన్ని, తొలిసారి వేదిక మీద వాయించింది ఈయనే. అంటే చేతిలో విద్య లేక జనం పాటల వైపు వచ్చినవాడు కాదు. ఇదెందుకు చెప్తున్నానంటే, ఉద్యమ పాట అనగానే గొంతూ డప్పూ ఉంటే చాలు, సంగీతం తర్వాత సంగతి అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు (అది డప్పుని తక్కువ చెయ్యడం కూడా, సరే, ఆ గొడవ ఇంకోసారి).

పెట్టెలో అసలు సరుకు 'ది పీపుల్ యునైటెడ్ విల్ నెవర్ బి డిఫీటెడ్'. చిలీలో సెర్హియో ఓర్తేగా, కిలపాయూన్ బృందం కలిసి కట్టిన పాట మీద అల్లింది. 1973 సెప్టెంబరులో సైన్యాధిపతి పినోచెట్ బలగాలు అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూల్చాక, దేశం వదిలిపోయిన చిలీ వాళ్లు ఎక్కడ కలుసుకున్నా పాడుకున్న పాట అది. దాని మీద జెవ్‌స్కీ 1975లో 36 వేరియేషన్లు రాశాడు, అంటే అదే పాటని 36 రకాలుగా మార్చి అల్లడం. లెక్క వింటే భయమేస్తుంది గానీ కట్టడం అర్థమైతే తేలికే. ఆరేసి వేరియేషన్ల గుంపులు ఆరు. ప్రతి గుంపులో ఆరోది ముందు వచ్చిన ఐదింటినీ ముక్కలు ముక్కలుగా మళ్లీ వినిపిస్తుంది. ఇక ఆఖరి గుంపు మొత్తంగా వెనకటి ఐదు గుంపుల్నీ తిరగేస్తుంది. ఇది తెలిశాక దాదాపు గంట సేపు సాగే రచన కూడా చేతికి చిక్కుతుంది, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ వినొచ్చు, మనకి తాళం వెయ్యడం అలవాటే గదా. మొదట పాట సూటిగా, గట్టిగా వస్తుంది, రెండోసారికి ఎవరైనా పాడుకోగలరు. వెంటనే మొదటి వేరియేషన్లో అవే స్వరాలు ఒకటి కింది స్థాయిలో, ఒకటి ఎక్కడో పైన, ఇంకోటి మధ్యలో చెల్లాచెదురుగా పడతాయి. పాట అక్కడే ఉంది, చేతికి మాత్రం దొరకదు. ఇంకాస్త ముందుకెళితే వాయించేవాడు ఈల వెయ్యాలి, పియానో మూత దబ్బున వెయ్యాలి, ఇవన్నీ స్కోరులో (స్వరాలు అచ్చేసిన కాగితంలో) రాసే ఉంటాయి. మా కోయిర్లో తబలా వాయించే కుర్రాడు ఆ చోటు మొదటిసారి విని "ఏందన్నా, పియానో రిపేరు చేస్తన్నారా?" అన్నాడు. సౌండ్ పెంచి మళ్లీ పెట్టా. ఈసారి వాడే తొడ మీద తాళం వేసి చూపించాడు, మూత చప్పుడు సరిగ్గా లెక్కలోనే పడుతోంది.

ఈ రచన ఉర్సులా ఆపెన్స్ అనే పియానిస్టు కోసం రాసింది, 1976లో వాషింగ్టన్లో మొదట వాయించింది కూడా ఆవిడే. తర్వాత మార్క్ ఆంద్రే హామ్లిన్, ఈగోర్ లెవిట్ లాంటివాళ్లు రికార్డు చేశారు. నిజం చెప్పాలంటే ఒక్క స్వరం కూడా మసకబారకుండా వినాలంటే హామ్లిన్‌ది పెట్టుకోండి, గొడవే లేదు. రాసినాయన వాయించిన దాంట్లో నాకు నచ్చింది వేరే. ఆయనకి తన స్కోరు మీద తనకే పెద్ద భక్తి లేదు. చివర్లో పాట తిరిగొచ్చే ముందు, వాయించేవాళ్లు ఇష్టమైతే కొన్ని నిమిషాలు సొంతంగా అల్లుకోవచ్చు అని చోటు వదిలి పెట్టాడు. మనోధర్మం మనకి కొత్త కాదు, రాగం అందుకుని స్వరకల్పన చేసే విద్వాంసుడు నిన్న పాడినట్టే ఇవాళ పాడితే మనమే పెదవి విరుస్తాం. పడమటి శాస్త్రీయ సంగీతంలో మాత్రం అచ్చయిన కాగితం దాటడం ఇప్పుడు అరుదు. అందుకే ఈయన రికార్డింగు ఒకటి విని ఊరుకుంటే లాభం లేదు. 2007లో మయామీ పియానో ఫెస్టివల్లో వాయించింది వీడియోగా వచ్చింది, దాన్నీ పెట్టెలో ఉన్నదాన్నీ వెంటవెంటనే వినండి. నా చెవికి పెట్టెలోది మాటకు మాట అప్పజెప్పే మనిషి గొంతు, పెడల్ (స్వరాన్ని సాగదీసే కాలి మీట) తక్కువ, తీపి అసలే లేదు. మొదట్లో అది కరుగ్గా అనిపించింది. ఇప్పుడు మిగతావాళ్లవి వింటే కొంచెం అత్తరు ఎక్కువైందనిపిస్తోంది, ఏం చేస్తాం.

అయితే నేను ఎక్కువసార్లు పెట్టేది ఆ గంట రచన కాదు, 'నార్త్ అమెరికన్ బాలడ్స్'. 1978, 79ల్లో రాసిన నాలుగు ముక్కలు, నాలుగూ అమెరికాలో కూలీలూ నల్లజాతి వాళ్లూ పాడుకున్న పాటల మీదే. వీటికి పాతకాలపు జర్మన్ సంగీతకర్త బాఖ్ రాసిన కోరల్ ప్రెల్యూడ్లు నమూనా, అంటే చర్చిలో అందరికీ నోటికొచ్చిన కీర్తన వరస తీసుకుని దాని చుట్టూ వేరే గొంతులు అల్లడం. చర్చిలో వాయించేవాడికి ఇది వెంటనే తగులుతుంది. 'డౌన్ బై ది రివర్‌సైడ్' మా యూత్ మీటింగుల్లో చప్పట్లు కొడుతూ పాడేదే, కత్తీ డాలూ ఏటి ఒడ్డున దించేస్తా, ఇక యుద్ధం ఊసు ఎత్తను అని. జెవ్‌స్కీ దాన్ని మొదట నింపాదిగా, పాడుకోవడానికి వీలుగానే ఇస్తాడు, తర్వాత ఎడం చెయ్యి ఒక శ్రుతిలో కుడి చెయ్యి ఇంకో శ్రుతిలో నడిచి రెండూ గొడవపడతాయి. 'విచ్ సైడ్ ఆర్ యూ ఆన్' 1931లో కెంటకీ బొగ్గు గని సమ్మెలో ఫ్లోరెన్స్ రీస్ అనే కార్మికుడి భార్య కట్టిన పాట, నువ్వు ఎటు వైపు అని నిలదీసే పాట. ఇక నాలుగోది, 'విన్స్‌బరో కాటన్ మిల్ బ్లూస్', దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కీబోర్డు అడుగు భాగంలో, వినపడీ వినపడనట్టు, ఒకే గతిలో గుత్తులు మొదలవుతాయి. స్వరం ఏదో తెలీదు, ఊపు మాత్రమే తెలుస్తుంది. చిన్నప్పుడు మా ఇంటి వెనక రైస్ మిల్లు బెల్టు తిరగడం మొదలైతే ముందు గచ్చు వణికేది, ఆ తర్వాతే చప్పుడు చెవిన పడేది, సరిగ్గా అదే వరస. తర్వాత అరచేతులు, ముంజేతులు కూడా దిగుతాయి, మిల్లు మొత్తం నెత్తిన కూర్చుంటుంది. ఆ రొద మధ్య ఎక్కడో బ్లూస్ పాట తల ఎత్తుతుంది, షిఫ్టు దిగిన మనిషి ఊపిరి పీల్చుకున్నంత సేపు ఉంటుంది, మళ్లీ మిషన్లు. నా కీబోర్డు మీద ముంజేత్తో ప్రయత్నించా గానీ, అది ఒకేసారి అన్ని స్వరాలు పలకలేక కొన్నిటిని మింగేస్తుంది. అసలు పియానో ఉన్న ఇల్లు మా చుట్టుపక్కల వెతకాల్సిందే.

ఇది వింటే నాకు గుర్తొచ్చేది దూబగుంట. 1992లో మా జిల్లాలో సారా మీద ఆడవాళ్లు లేచినప్పుడు ఊరూరా పాటలు పుట్టాయి, తెలిసిన జానపద వరసకే కొత్త మాటలు కట్టి పాడారు. మా అమ్మకి ఇప్పటికీ రెండు మూడు పల్లవులు వచ్చు. ఆ పాటలు తర్వాత ఏమయ్యాయంటే, వార్షికోత్సవాల్లో ఒకసారి మైకులో పెట్టి పక్కన పెట్టేస్తున్నారు. జెవ్‌స్కీ తీసుకున్న పాటని పటం కట్టి గోడకి తగిలించడు. విరగ్గొడతాడు, ఎదురు వాదిస్తాడు, పక్కదారి పట్టిస్తాడు, దాంతో ఆ గొడవ ఇంకా నడుస్తున్నట్టే ఉంటుంది. మన వీణ మీదో వయొలిన్ మీదో ఎవరైనా మన పాటలతో ఇంత పని చేస్తే వినాలని ఉంది.

'డి ప్రొఫండిస్' గురించి రెండు మాటలే. 1992 నాటిది, ఆస్కార్ వైల్డ్ రెడింగ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో భాగాల్ని పియానిస్టు వాయిస్తూనే చదవాలి, మధ్యలో మూలగాలి, ఈల వెయ్యాలి, ఒంటి మీదా చెక్క మీదా కొట్టుకోవాలి. అరగంట. జెవ్‌స్కీ గొంతు నటుడి గొంతు కాదు, అందుకే నాకు బాగుంది. ఇంగ్లీషు వేగంగా అందుకోలేనివాళ్లు వైల్డ్ ఉత్తరం ముందు పెట్టుకుని వినండి, లేకపోతే సగం పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు హెడ్‌ఫోన్లు వాడండి, మా అమ్మ "ఎవురికి బాగలేదురా" అంటూ వంటింట్లోంచి వచ్చింది.

వాడకం విషయానికొస్తే కొన్ని చికాకులున్నాయి. మెల్లగా వాయించే చోట్లు మరీ మెల్లగా ఉంటాయి, ఫ్యాన్ తిరుగుతుంటే పోయినట్టే, కిటికీ తీస్తే రైల్వే లైన్లో గూడ్సు బండి మిగతాది మింగేస్తుంది. సౌండ్ పెంచుకుని కూర్చుంటే ఉన్నట్టుండి పిడుగు పడుతుంది. నేను బాగా విన్న సందర్భాలన్నీ మే నెలలో కరెంటు పోయినప్పుడు, చార్జింగ్ ఉన్న ఫోనూ వైరున్న ఇయర్‌ఫోన్లూ పెట్టుకుని, చెమటలు కక్కుతూ విన్నవే. స్ట్రీమింగ్ యాప్‌లో వినేవాళ్లకి ఒక జాగ్రత్త: ఇలాంటి రచనల్లో వేరియేషన్లు విడివిడి ట్రాకులుగా ఉంటే, గ్యాప్ లేకుండా ప్లే అయ్యే సెట్టింగ్ పెట్టుకోండి, లేదంటే మాట మధ్యలో నోరు మూసినట్టు తెగుతుంది. షఫిల్ ఆన్‌లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు, 36 ముక్కలు కలిపిన పేకే. సముద్రం దగ్గర ఊరు కాబట్టి సీడీల మీద తెల్లటి మచ్చలు వస్తున్నాయి, నేను అన్నిటినీ కాపీ చేసి హార్డ్ డిస్కులో పెట్టా, మీరూ ఆలస్యం చెయ్యొద్దు. ఇంకో మంచి సంగతి, ఆయన తన స్కోర్లు చాలావాటిని ఎవరైనా ఉచితంగా దించుకునేలా వదిలేశాడు, ఐఎంఎస్ఎల్‌పీ అనే స్కోర్ల వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. జిరాక్సు షాపులో ప్రింటు తీయించి పక్కన పెట్టుకుని వింటే రికార్డింగు రెట్టింపు పలుకుతుంది.

మ్యూజికా ఎలెట్రోనికా వివా పేరుతో 1966లో రోమ్‌లో మిత్రులు ఆల్విన్ కరన్, రిచర్డ్ టైటెల్‌బామ్‌లతో కలిసి పెట్టిన బృందం రికార్డింగులు కూడా 'ఎంఈవీ 40' అని నాలుగు సీడీలుగా వచ్చాయి, 1967 నుంచి 2007 దాకా. అందులో పియానో కోసం వెతక్కండి. అప్పట్లో ఈయన గాజు పలకకి మైకు అంటించి గీకేవాడు. చరిత్ర కోసం ఒకసారి విన్నా, మళ్లీ పెట్టలేదు. పెట్టెలోనే ఉన్న 'ది రోడ్' కూడా నాకు సగమే ఎక్కింది. ఎనిమిదేసి 'మైళ్ల' భాగాలు ఎనిమిది ఉండే మహా పొడవాటి రచన అది, పెట్టెలో మొదటి భాగాలే ఉన్నాయి. కొన్ని మైళ్లు అద్భుతం, కొన్ని ఎందుకు నడుస్తున్నామో తెలీదు.

2015లో ఈయన పిట్స్‌బర్గ్‌లో ఒక చేపల మార్కెట్లో 'ది పీపుల్ యునైటెడ్' వాయించాడు. 77 ఏళ్ల వయసులో, ఐసు మీద చేపలు పెట్టి అమ్మే చోట. జువ్వలదిన్నె రేవులో పొద్దున వేలం పాట నడుస్తుండగా అట్లా పియానో దించితే, మనవాళ్లు ముందు రేటు అడిగి తర్వాత వింటారు, కానీ వింటారు. ఆయనకి కావాల్సింది కూడా ఆ మనుషులే అని నా అనుమానం.

కొనాలా వద్దా అంటే, మొదటిసారి వినేవాళ్లు యాప్‌లో 'విన్స్‌బరో' ఒక్కటి పెట్టుకోండి, పది నిమిషాల పని. అది పడితే హామ్లిన్‌దో లెవిట్‌దో పెద్ద రచన వినండి, పాట దారి తెలుస్తుంది. ఆ తర్వాత జెవ్‌స్కీ దగ్గరికి రండి. పెట్టె ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం, సెకండ్‌హ్యాండ్‌లో ధర నచ్చితే బుక్‌లెట్ ఉందో లేదో అడిగి తీసుకోండి. నాది చూడాలంటే కావలి వచ్చి వినిపోండి, టీ ఇస్తా, పెట్టె మాత్రం ఇంటికివ్వను.