భరత్‌పూర్‌లో వానాకాలం: గుడ్లు పొదిగే తండ్రి, చప్పట్లు కొట్టిన గైడు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పక్షుల పార్కుకి చలికాలంలోనే వెళ్ళాలని అందరూ చెప్తారు. వలస పక్షుల కోసమైతే సరే. పక్షులు పిల్లల్ని ఎలా పెంచుతాయో చూడాలనుకుంటే మాత్రం ఆగస్టులో వెళ్ళండి. చెమటా దోమలూ తప్పవు, కానీ జకానాలు (నీటి మొక్కల ఆకుల మీద నడిచే పక్షులు), సారస కొంగలు, పెయింటెడ్ స్టార్కులు (ఇవీ ఒక రకం కొంగలే), గిజిగాళ్ళు అన్నీ అప్పుడే గూళ్ళ మీద ఉంటాయి. ఒక్కోదాని సంసారం ఒక్కో తీరు.

అక్క, బావ, నేను వెళ్ళాం. ఆగ్రాలో రైలు దిగి, టాక్సీకి 1,700 ఇచ్చి చేరుకున్నాం. దారిలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

చెప్పుకోవాల్సింది మొదటిరోజు గైడు గురించి. మేం దిగిన గెస్ట్‌హౌస్ వాళ్ళే కుదిర్చారు, పూటకి 2,500. గదికి రాత్రికి 2,400 తీసుకుని చిరిగిన దోమతెర ఇచ్చినవాళ్ళు మంచి గైడుని ఇస్తారని ఎందుకు అనుకోవాలి? కానీ 'ఫోటోల స్పెషలిస్టు' అనేసరికి బావ వెంటనే ఒప్పేసుకున్నాడు. ఆయన కొత్త లెన్సు కొన్నాడు మరి.

గట్టుకి దగ్గర్లోనే, నీటి మొక్కల మీద పేర్చిన తడి ఆకుల కుప్పపై పొడుగుతోక జకానా కూర్చుని ఉంది. "తల్లి పొదుగుతోంది" అన్నాడు గైడు. తప్పు. జకానాల్లో పొదిగేది మగదే. సరే, తెలియదేమో అనుకున్నాను. ఇంతలో, ఎగిరేటప్పుడు రెక్కల తెలుపు బాగా పడుతుందని చెప్పి గట్టిగా చప్పట్లు కొట్టాడు. పక్షి లేచింది, బావ కెమెరా టపటపా మోగింది. గూట్లో నాలుగు గుడ్లు, బొంగరాల ఆకారంలో, నిగనిగలాడే కంచు రంగులో, నడినెత్తిన ఎండలో. అది రెండు చుట్లు తిరిగి వచ్చి వాలబోతుంటే గైడు మళ్ళీ చప్పట్లు కొట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొంగ గూడైతే ఒకటి లేచినా రెండోది ఉంటుంది. జకానా గూటికి రెండో దిక్కు లేదు. ఆడది గుడ్లు పెట్టేసి ఇంకో మగవాడి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇక్కడి రెండో రకం, కంచురెక్కల జకానాల్లో, ఒక్క ఆడదాని హద్దులో నలుగురు మగవాళ్ళ దాకా ఉంటారు, ఎవరి గూడు వాళ్ళదే. ఆడది మగదానికంటే బాగా పెద్దది, తోటి ఆడవాళ్ళతో హద్దుల కోసం కొట్లాడేదీ అదే. ఈ పద్ధతి ఊరికే రాలేదంటారు. నీటి మీది గూళ్ళు వరదకీ వేటపక్షులకీ తరచూ పోతుంటాయి. పొదిగే పని మగదానికి అప్పగించిన ఆడది, పోయినవాటి బదులు త్వరగా మళ్ళీ పెట్టగలదు. పిల్లలు పుట్టిన కాసేపటికే నడుస్తాయి, తిండి అవే ఏరుకుంటాయి, కాబట్టి కాపలాకి ఒక్కరు చాలు. కానీ ఆ ఒక్కరినీ చప్పట్లతో లేపేస్తే?

"నేను కొట్టమన్నానా?" అన్నాడు బావ. "కొట్టొద్దని కూడా అనలేదుగా" అంది అక్క. సాయంత్రం దాకా ఇద్దరికీ మాటల్లేవు. గెస్ట్‌హౌస్ యజమానికి చెప్తే "పక్షికేం కాదు సార్" అని నవ్వి 2,500 పూర్తిగా తీసుకున్నాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

మర్నాడు గేటు దగ్గర సైకిల్ రిక్షా ఎక్కాం, గంటకి 200. ఈ పార్కులో రిక్షావాళ్ళకి పక్షుల గురించి శిక్షణ ఇస్తారు. తొక్కిన పెద్దాయన ఏ కొమ్మ మీద ఏముందో చూడకుండానే చెప్పగలడు. జకానాలంటే చాలా దూరంలోనే బండి ఆపేశాడు, "ఇంతకంటే దగ్గరికి వెళ్ళం" అని హిందీలో ఖండితంగా చెప్పాడు. మేం గట్టు మీద కూర్చున్నాం. కంచురెక్కల మగది ఒకటి ఆకుల మీద నడుస్తోంది, వెనకాల పిల్లలు. మబ్బు పట్టి చినుకులు మొదలవగానే అది కాస్త కుంగింది, పిల్లలు ఒక్కొక్కటీ రెక్కల కిందికి దూరాయి. తర్వాత లేచి నడిచింది. రెక్కల కింద నుంచి సన్నటి పొడుగు కాళ్ళు వేలాడుతున్నాయి, ఎవరి కాళ్ళు ఎవరివో తెలియకుండా! బావ కెమెరా ఎత్తడం మర్చిపోయి నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత తీసిన ఫోటోలు మాత్రం ముందురోజు వాటికంటే ఎంతో నయం. ఐదు గంటలకి 1,000 అయింది, మేం 1,300 ఇచ్చాం.

స్టార్కుల కాలనీలో రొద, వాసన, అంతే. పిల్లలు నిస్సహాయంగా పుడతాయి, చేపలు మోయడానికి తల్లీ తండ్రీ ఇద్దరూ కావాలి. పక్షిజాతుల్లో ఎక్కువ శాతం ఈ దారివే.

నన్ను ఆలోచనలో పడేసింది సారస జంట. వీటి పిల్లలు కూడా పుట్టగానే నడుస్తాయి, ఆ లెక్కన ఒక్కరు చాలాలి. అయినా ఇద్దరూ వంతులేసుకుని పొదుగుతాయి, నెలల తరబడి వెంట ఉంటాయి. పెట్టేది సాధారణంగా రెండు గుడ్లే. అంత తక్కువ పెట్టే పక్షికి ఒక్క పిల్ల పోయినా పెద్ద నష్టం. అందుకే పిల్లలు నడుస్తాయా లేదా అన్న ఒక్క సంగతితో పక్షి సంసారాన్ని తేల్చెయ్యలేం. అక్క ఆ జంటని వదిలి రానంది, మధ్యాహ్నం భోజనం ఆలస్యమైనా ఏమీ అనలేదు.

గిజిగాళ్ళ కోసం పార్కు టికెట్టు కూడా అక్కర్లేదు, ఊరి బయట తుమ్మచెట్లకి వేలాడుతూ కనిపించాయి. మగది గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడది వచ్చి లోపలంతా చూసుకుని ఒప్పుకుంటేనే మిగతాది పూర్తి చేసి, వెంటనే పక్కన ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. పొదగడం తల్లి పని, పెంపకం భారమంతా దాదాపు ఆమెదే. జకానాకి సరిగ్గా తలకిందులు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930లో మహారాష్ట్ర తీరంలోని కిహిం దగ్గర ఈ పక్షుల్ని రోజూ చూసి కనిపెట్టిన సంగతి ఇదే. నచ్చక వదిలేసిన సగం గూళ్ళు ఆ చెట్టుకి చాలానే ఉన్నాయి.

వెళ్ళేవాళ్ళకి: బైనాక్యులర్ మీదే తెచ్చుకోండి, అక్కడ అద్దెకి తీసుకున్నదాని కటకం మసకగా ఉంది, 100 దండగ. గది గేటుకి నడిచే దూరంలో తీసుకోండి. గైడుని మాట్లాడుకునేటప్పుడు గూళ్ళ మీది పక్షుల్ని లేపనని ముందే చెప్పించుకోండి. నసిగితే రిక్షా ఎక్కండి.