పది హెల్త్ ఇచ్చి పది ముక్కలు అంటగట్టిన యువరాజు: హార్త్‌స్టోన్ ప్రిన్స్ రెనాథల్ సమీక్ష

హార్త్‌స్టోన్ అనే ఆన్‌లైన్ కార్డుల ఆటలో మామూలుగా డెక్ (ఆటగాడు ముందే కట్టుకునే కట్ట) 30 ముక్కలు, హెల్త్ (ప్రాణం) 30. ప్రిన్స్ రెనాథల్ అనే కార్డు డెక్‌లో ఉంటే, అది వచ్చిన కొత్తలో, రెండూ 40 అయ్యేవి. రెనాథల్ డెక్ పేరుతో బయట తిరిగే జాబితాల్లో చాలావరకు మామూలు 30 ముక్కల డెక్కులే, చివర్లో ఇంకో పది అతికించినవి. ఈ కార్డుతో నా పేచీ అంతా ఆ పది దగ్గరే. 40 హెల్త్ గురించి అందరూ మాట్లాడారు, 40 ముక్కలు ఏం చేస్తాయో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2022 జూన్ చివర్లో లాగిన్ అయినవాళ్లకల్లా ఊరికే చేతిలో పెట్టిన లెజెండరీ (అన్నిటికన్నా అరుదైన రకం కార్డు) కదా, ఊరికే వచ్చినదాని ధర ఎవరు చూస్తారు!

మంచి ముందు చెప్పుకుందాం. అగ్రో (తొలి టర్నుల నుంచే దాడికి దిగే) డెక్కుల మీద ఆ పది హెల్త్ నిజంగానే ఆదుకుంది. నాలుగో టర్నుకల్లా బోర్డు మీద మూడు మినియన్లు (పోరాడే పాత్రల కార్డులు) పరిచి, టర్నుకి ఆరేడు డ్యామేజీ కొట్టేవాడి ముందు పది హెల్త్ అంటే దాదాపు ఒకటిన్నర టర్ను. కంట్రోల్ (ఎదుటివాడి బోర్డు తుడుస్తూ ఆటను సాగదీసే డెక్) ఆడేవాడికి కావలసింది సరిగ్గా ఆ ఒక్క టర్నే, ఎందుకంటే బోర్డు క్లియర్‌కి మానా (కార్డులు ఆడటానికి ప్రతి టర్నూ పెరిగే ఖర్చు పాయింట్లు) సరిపోయేది అప్పుడే. పైగా ఈ కార్డు చేతికి రానక్కర్లేదు, డెక్‌లో ఉంటే చాలు. చేతికి వస్తే మాత్రం 3 మానాకి ఒట్టి 3/4 ఒళ్లు (దాడి 3, హెల్త్ 4), ఇంకే పనీ చేయదు. మల్లిగన్‌లో (మొదట వచ్చిన ముక్కల్ని మార్చుకునే అవకాశం) కనబడితే నిస్సంకోచంగా వెనక్కి పంపాలి. అంటే మీరు కట్టేది 40 ముక్కల డెక్ కాదు, 39 ముక్కలు, ఒక ప్రవేశ రుసుము.

ఇక అసలు సంగతి. రమ్మీలో ఇంకో కట్ట కలిపితే ప్రతి ముక్కకీ జత పెరుగుతుంది. ఇక్కడ కట్ట పెరుగుతుంది, జత పెరగదు. ఏ కార్డైనా రెండే కాపీలు, లెజెండరీ అయితే ఒకటే. మీ డెక్‌ని నిలబెట్టే ముక్కలు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి, వాటి మధ్య ఎడం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క వేసుకోవచ్చు. మీరు మొదట ఆడుతున్నారు, ఒకే కార్డు కోసం మల్లిగన్‌లో మూడు ముక్కలూ వెనక్కి పంపారు, అదనపు డ్రా ఏమీ లేదు అనుకోండి. రెండు కాపీలున్న ఆ కార్డు మూడో టర్నుకి చేతిలో ఉండే అవకాశం 30 ముక్కల డెక్‌లో 50 శాతం, 40 ముక్కల డెక్‌లో 39. ఒకే కాపీ ఉన్న లెజెండరీ కోసం అదే పని చేస్తే, పదో టర్నుకి 50 శాతం కాస్తా 38కి దిగుతుంది. ఒక్క ఆటలో ఈ తేడా కనబడదు. అందుకే ఓడినప్పుడల్లా "ఇవాళ అదృష్టం బాలేదు" అనిపిస్తుంది. అది అదృష్టం పని కాదు, డెక్ సైజు పని.

ఇది బాగా బయటపడేది కాంబో (కొన్ని కార్డులు కలిపి ఆడి గెలిచే) డెక్కుల్లో. 2022 చివరి నెలల్లో డ్రూయిడ్ క్లాసు (ఎంచుకునే హీరో రకం) వాళ్లు ఆడిన డెనాథ్రియస్ కాంబోనే తీసుకోండి. సైర్ డెనాథ్రియస్ 10 మానా, బ్రాన్ బ్రాంజ్‌బియర్డ్ 3 మానా. బ్రాన్ బోర్డు మీద ఉంటే డెనాథ్రియస్ బ్యాటిల్‌క్రై (కార్డు ఆడగానే పనిచేసే ప్రభావం, ఇతనికైతే శత్రువుల మీద డ్యామేజీ) రెండుసార్లు పేలుతుంది. రెండూ ఒకే టర్నులో వేయాలంటే 13 మానా కావాలి, కాబట్టి మానా పరిమితిని 20కి పెంచే వైల్డ్‌హార్ట్ గఫ్ కూడా ఉండాలి. మూడూ లెజెండరీలే, మూడూ ఒక్కో కాపీయే. మల్లిగన్ పక్కన పెట్టి, పదో టర్నుకి 13 ముక్కలు చూస్తామనుకుంటే, బ్రాన్, డెనాథ్రియస్ ఇద్దరూ చేతికి వచ్చి ఉండే అవకాశం 30లో 18 శాతం, 40లో 10. గఫ్‌ని కూడా కలిపితే 7 శాతం కాస్తా 3 అవుతుంది.

అయినా డ్రూయిడ్ దీన్ని ఆడగలిగిందంటే దానికి కారణం క్యాప్చర్ కోల్డ్‌టూత్ మైన్ అనే 2 మానా స్పెల్. డెక్‌లో అన్నిటికన్నా తక్కువ ఖరీదైన కార్డో, అన్నిటికన్నా ఎక్కువ ఖరీదైన కార్డో, ఏది కావాలంటే అది తెచ్చిపెడుతుంది. డెక్‌లో 10 మానా కార్డు డెనాథ్రియస్ ఒక్కడే అయితే, 30 అయినా 40 అయినా ఆ స్పెల్ అతన్నే తెస్తుంది. జనం తప్పు చేసింది ఇక్కడే. పది ఖాళీలు కనబడగానే ఇంకో 10 మానా కార్డు పెట్టేవాళ్లు, పెద్ద కార్డు కదా, ఆట పొడుగు కదా అని. దాంతో కోల్డ్‌టూత్ మైన్ బొమ్మా బొరుసా అయిపోయేది, ఎందుకంటే ఖరీదు సమానమైతే ఆట వాటిలో ఏదో ఒకటి ఇస్తుంది. వెతికిపెట్టే కార్డు ఏ నియమం మీద వెతుకుతుందో చూసి, ఆ నియమానికి అడ్డొచ్చే ముక్క ఆ పదిలో ఒక్కటి కూడా లేకుండా చూసుకోవాలి. 40 ముక్కల డెక్‌లో నేను మొదట చూసేది ఇదే, మానా కర్వ్ (ఏ ఖరీదు కార్డులు ఎన్ని ఉన్నాయన్నది) ఆ తర్వాత.

ఇందులోనే ఇంకో చిక్కు, ఇది ఆలస్యంగా తెలిసేది. డెనాథ్రియస్‌కి ఉన్న ఇన్‌ఫ్యూజ్, కార్డు చేతిలో ఉన్నప్పుడు చనిపోయిన మన మినియన్లనే లెక్కపెట్టి అతని డ్యామేజీ పెంచుతుంది. అంతకుముందు పోయినవాటికి విలువ సున్నా. ఏడో టర్నుకి పది ముక్కలు చూస్తాం కాబట్టి, వెతికే స్పెల్ లేకపోతే డెనాథ్రియస్ చేతిలో ఉండే అవకాశం 30లో మూడింట ఒకటి, 40లో నాలుగింట ఒకటి. పైగా ఆలస్యంగా వచ్చినవాడు ఆకలితో వస్తాడు. మినియన్లన్నీ ముందే చచ్చిపోయి ఉంటాయి, అతని డ్యామేజీ చిన్నదిగా మిగిలిపోతుంది. ఒకే సెట్‌కి చెందిన రెండు పెద్ద లెజెండరీలు, రెనాథల్, డెనాథ్రియస్, ఒకదాని కాళ్లకి ఇంకోటి అడ్డం పడటం నాకు ఇప్పటికీ విచిత్రంగానే ఉంటుంది.

మరి ఎలా కట్టాలి? రెనాథల్‌ని మర్చిపోయి ముందు 30 ముక్కల డెక్ కట్టండి. ముక్కల్ని పేరుతో కాకుండా పనితో విడదీయండి: మొదటి మూడు టర్నుల్లో వేసేవి, ఒక్కరిని చంపేవి, బోర్డు తుడిచేవి, హెల్త్ పెంచేవి, డ్రా, ముగించేవి. ఇప్పుడు ప్రతి మూడుకీ నాలుగో ముక్క కావాలి. 30లో ఆరు తొలి టర్ను కార్డులుంటే, మొదట వచ్చే మూడు ముక్కల్లో కనీసం ఒకటి కనబడే అవకాశం 50 శాతం. 40కి వెళ్లి ఆరే ఉంచితే అది 39కి పడుతుంది. ఎనిమిది చేస్తే మళ్లీ 50. డ్రా కార్డులకీ ఇదే లెక్క, ఇంకో రెండు ఎక్కువైనా తప్పు లేదు. ఖరీదైన వాటిని మాత్రం పెంచొద్దు. 30లో 7 మానా పైన ఆరు ముక్కలుంటే 40లోనూ ఆరే ఉండనివ్వండి, ఆట ఎలాగూ సాగుతుంది, అవి వస్తాయి. కంట్రోల్ డెక్‌కి నేను మొదలుపెట్టే కొలత ఇలా ఉంటుంది: తొలి టర్నుల తొలగింపులు 10, డ్రా 8, బోర్డు క్లియర్లు 6, హెల్త్ లేదా ఆర్మర్ 5, ముగింపుకి 5, టెక్ కార్డులు (ఒక రకం ప్రత్యర్థి కోసమే పెట్టేవి) 3, టాంట్‌లు (దాడిని తమ మీదికి తిప్పుకునే మినియన్లు) 2. మొత్తం 39, రెనాథల్‌తో 40. క్లాసుని బట్టి అటూ ఇటూ జరుపుకోవాలి.

కష్టం వచ్చేది ఆ "నాలుగో ముక్క" దగ్గర. మంచి 2 మానా తొలగింపు స్పెల్ రెండు కాపీలు ఇప్పటికే డెక్‌లో ఉంది. ఇంకోటి కావాలంటే దానికన్నా నాసి రకం వెతకాలి. స్టాండర్డ్‌లో (ఇటీవలి సెట్లే చెల్లే ఆట రకం) కార్డులు తక్కువ కాబట్టి కొన్ని క్లాసులకి ఆ మూడో, నాలుగో ప్రత్యామ్నాయం ఉండేదే కాదు. నా పరీక్ష ఒకటే: చివరి పది ముక్కల్ని విడిగా పరిచి చూస్తాను. వాటిలో సగానికి పైగా "సర్లే, ఉండనీ" అనిపిస్తే ఆ క్లాసుకి రెనాథల్ వద్దు. సరదాగా ఉన్నాయని పెట్టిన కార్డులు ఆ సగంలోకే వస్తాయి, మొహమాటపడొద్దు. టెక్ కార్డులు మూడు దాటితే వాటిని 2023లో వచ్చిన ఈ.టి.సి. బ్యాండ్ మేనేజర్‌లోకి తోసేయడం మేలు. ఒక్క చోటులో మూడు కార్డులు దాక్కుంటాయి, కాకపోతే 4 మానా ఖర్చు.

డస్ట్ (కార్డులు తయారు చేసుకోవడానికి ఖర్చుపెట్టేది) మాట కూడా చెప్పాలి. అదనపు పదిలో రెండు లెజెండరీలు, రెండు ఎపిక్‌లు, నాలుగు రేర్‌లు, రెండు కామన్‌లు తయారు చేసుకోవాల్సి వచ్చిందనుకోండి: 3200, 800, 400, 80. మొత్తం 4480 డస్ట్. పనికిరాని లెజెండరీని కరిగిస్తే వచ్చేది 400. అంటే ఊరికే వచ్చిన కార్డు కోసం పదకొండు లెజెండరీలు కరిగించినా ఇంకా 80 తక్కువ పడుతుంది.

నేను అనుకోకుండా మెచ్చుకున్నది ఫెటీగ్ (డెక్ అయిపోయాక ప్రతి డ్రాకీ తగిలే డ్యామేజీ) దగ్గర. ఇద్దరూ కంట్రోల్ ఆడుతున్నప్పుడు ఎదుటివాడి 30 ముక్కలు అయిపోయేసరికి మీ దగ్గర ఇంకో పది ఉంటాయి. వాడికి ఒకటి, రెండు, మూడు అంటూ పెరిగే డ్యామేజీ ఏడో ఫెటీగ్‌కి మొత్తం 28, ఎనిమిదో దానికి 36. 30 హెల్త్‌తో మొదలుపెట్టినవాడు ఏ వైద్యమూ లేకపోతే మీ డెక్ ఖాళీ కాకముందే ఖాళీ. కానీ పైన డ్రా కార్డులు పెంచమని నేనే చెప్పాను. వాటిని ఆట మొదట్లో తొందరపడి వేసేస్తే ఈ పది ముక్కల లాభం ఆవిరవుతుంది. నెమ్మదైన ప్రత్యర్థి అని తేలగానే డ్రా ఆపేయడం నేర్చుకోవాలి, చేతిలో పది ముక్కలు దాటితే కాలిపోయేవి కూడా మీవే.

ఎదుటివాడు అంత తొందరగా ఎందుకు సర్దుకుంటాడంటే, మీ హెల్త్ చూడగానే వాడికి సగం కథ తెలిసిపోతుంది. 30 దాటి కనబడితే రెనాథల్ ఉందని అర్థం, నెమ్మదైన డెక్ అని ఊహ. మల్లిగన్ దానికి తగ్గట్టే చేసుకుంటాడు.

పైన హెల్త్‌ని పొగిడానే, అది 40 ఉన్నప్పటి మాట. వచ్చిన కొన్ని నెలలకే దాన్ని 35కి తగ్గించారు, డెక్ మాత్రం 40గానే ఉంచారు. ఐదు హెల్త్ అంటే అగ్రో ముందు ఒక టర్ను కూడా కాదు. స్టాండర్డ్‌లో మిగిలిన రోజుల్లో చాలా డెక్కుల్లో దీన్ని అలవాటు కొద్దీ పెట్టారు తప్ప లెక్క వేసి పెట్టలేదని నా అనుమానం. 2024 మార్చిలో స్టాండర్డ్ నుంచి వెళ్లిపోయింది, ఇప్పుడు ఆడాలంటే పాత కార్డులూ చెల్లే వైల్డే. అక్కడ డెక్‌లో బేసి ఖరీదు కార్డులే ఉండాలనే బాకుతో కలుస్తుంది, సరిసంఖ్య ఖరీదువే ఉండాలనే గెన్‌తో కలవదు, దీని ఖరీదు 3 కాబట్టి. రెనో జాక్సన్‌తో పొత్తు మాత్రం సహజంగా కుదురుతుంది. డెక్‌లో ఏదీ రెండోది ఉండకూడదు కాబట్టి జతలు పెరగవన్న బాధే లేదు, ఏళ్ల తరబడి పోగైన కార్డుల్లో నలభయ్యో ముక్క కూడా పనికొచ్చేదే దొరుకుతుంది. రెనో వేస్తే హెల్త్ మళ్లీ మొదలుపెట్టిన చోటికి నిండుతుంది. కానీ మల్లిగన్‌లో వెతికినా ఆరో టర్నుకి రెనో దొరికే అవకాశం 38 నుంచి 29 శాతానికి పడుతుందని మర్చిపోవద్దు.

తీర్పు అడిగితే, అది మీ డస్ట్‌ని బట్టి, టైమ్‌ని బట్టి. టర్నుకి 75 సెకన్ల ఆటలో 40 ముక్కల కంట్రోల్ అంటే బస్సులో ఫోన్ మీద ముగించే వ్యవహారం కాదు. కొత్తగా కలెక్షన్ మొదలుపెట్టినవాళ్లకి అసలే వద్దంటాను. వార్‌లాక్ ఆడేవాళ్లకి మాత్రం అంత గట్టిగా వద్దనలేను. 30 ముక్కల్లో 13 చూస్తే దొరికేది 40 ముక్కల్లో దొరకాలంటే 17 చూడాలి, నాలుగు అదనంగా. వార్‌లాక్ సొంత శక్తి లైఫ్ ట్యాప్‌కి 2 మానా, 2 హెల్త్ పోసి ఒక ముక్క తీస్తారు, అంటే పది హెల్త్‌కి ఐదు ముక్కలు. తన అప్పు తానే తీర్చుకోగల క్లాసు అదొక్కటే. ఆ ఐదూ తీసేశాక అగ్రో ఎదురైతే కాపాడటానికి మిగిలేది మామూలు 30 హెల్తే. 35 నుంచి మొదలుపెట్టినప్పుడైతే రెండు ట్యాప్‌లకే అదనపు హెల్త్‌లో నాలుగు పోయి ఒకటే మిగిలేది.