శిల్పారామం గంగిరెద్దు నుంచి సురభి లడ్డూల దాకా

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్‌లో పిల్లలకి మన ఆటపాటలు చూపిద్దామని నేను మొదట వేసిన ప్లాన్ ఇది: పొద్దున చేతివృత్తుల గ్రామం శిల్పారామం, మధ్యాహ్నం సాంస్కృతిక వేదిక లామకాన్, సాయంత్రం తారామతి బారాదరి. మా ఆయన చూసి "ఇది షికారా, ఎన్నికల ప్రచారమా?" అన్నారు. నిజమే. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. నాలుగేళ్ళ బాబుకి మధ్యాహ్నం నిద్ర లేకపోతే రాత్రి మాకు నిద్ర ఉండదు. అందుకని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో ఇల్లు అనుకున్నాం.

తారామతి బారాదరిని తీసెయ్యడానికి ఇంకో కారణం ఉంది. నిరుడు మేమిద్దరమే వెళ్ళాం. పన్నెండు ద్వారాల మండపం, ఆరుబయట నాట్యం, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ అన్నీ మెట్లే, అటు మెట్రో లేదు. రాత్రి ప్రోగ్రాం అయ్యాక బుక్ చేసిన క్యాబ్ రెండుసార్లు క్యాన్సిల్ అయింది. చలిలో గంట నిలబడ్డాం. పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్తే సొంత బండి ఉండాల్సిందే. లామకాన్ నాకు ఇష్టమే. చాయ్, సమోసా, ముంగిట్లో కార్యక్రమం, ఖర్చు తక్కువ. అయితే అక్కడి చర్చలూ నాటకాలూ కాస్త పెద్ద పిల్లలకే పడతాయి.

శిల్పారామానికి మెట్రోలో వెళ్ళాం. పండగ వారంలో మాదాపూర్ వైపు కారు తీయడం కంటే హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి నడవడం నయం. గేటు తెరిచిన గంటలోపే లోపల ఉండాలి. ఆ తర్వాత గంగిరెద్దు చుట్టూ ఫోన్లు తప్ప ఎద్దు కనిపించదు. సన్నాయి మోగగానే మా బాబు వాళ్ళ నాన్న కాళ్ళ వెనక దాక్కున్నాడు. ఎద్దు తల ఊపి దణ్ణం పెట్టాక మాత్రం వాడే ముందుకొచ్చి, తానూ తల ఊపాడు.

ఇంతలో హరిదాసు వచ్చాడు. తల మీద అక్షయపాత్ర, ఒక చేతిలో తంబూర, ఇంకో చేతిలో చిరతలు. పాత్ర కింద పెట్టకూడదు కాబట్టి పిల్లలకి అందేలా తనే మోకాళ్ళ మీద వంగాడు. మా పాప చేతులు చాచింది కానీ చేతుల్లో ఏముంది? బియ్యం లేవు. పది రూపాయల నోటు పెట్టిస్తే అత్తయ్య మొహం ముడుచుకుంది. "హరిదాసు వస్తాడని తెలిసీ గుప్పెడు బియ్యం తేలేదేమ్మా?" అన్నారు. మీరు వెళ్తే సంచిలో చిన్న పొట్లం పెట్టుకోండి. నీళ్ళ సీసాల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఒగ్గు డోలు బృందం వచ్చాక మా పాపని ఇక కదిలించలేకపోయాం. ఆ దెబ్బ చెవికి కాదు, పొట్టకి తగులుతుంది. గ్రామీణ మ్యూజియంలో మట్టి ఇళ్ళ దగ్గర అత్తయ్య అరుగు మీద కూర్చుని, కుమ్మరి సారె గురించి పాపకి చెప్పినంత సేపు చెప్పారు. తిండి దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. ఒక స్టాల్‌లో సర్వపిండికి డబ్బు కట్టి టోకెన్ తీసుకుని నలభై నిమిషాలు నిలబడితే, చివరికి "అయిపోయిందమ్మా" అన్నారు. డబ్బు వెనక్కి రాబట్టడానికి ఇంకో పది నిమిషాలు. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకోవాల్సింది.

సాయంత్రం రవీంద్ర భారతిలో సురభి వాళ్ళ 'మాయాబజార్' నాటకం. లకడీకాపూల్‌లో దిగితే నడక దూరమే. అత్తయ్య కోసం ఆటో ఎక్కాం. వరంగల్ నుంచి మా ఆడపడుచు వాళ్ళూ వచ్చారు. నాంపల్లి స్టేషన్ పక్కన లాడ్జిలో దిగారు. హాలుకి దగ్గరే కానీ ఎనిమిదింటి దాకా వేడినీళ్ళు రావట, కిటికీ తీస్తే హారన్లట. ఒక్క రాత్రికైతే సర్దుకోవచ్చు. రెండో రాత్రికి మా ఇంటికే వచ్చేశారు.

సురభి అంటే నాకు పేరు వినడమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళిలో 'కీచక వధ' ఆడిన కుటుంబం, ఇన్ని తరాలుగా అదే పని మీద ఉంది. అత్తయ్య చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో వీళ్ళు డేరా వేస్తే, రాత్రి అన్నాలు తొందరగా వండేవారట. తెర లేచింది మొదలు ఆవిడకి మోకాళ్ళ నొప్పి గుర్తురాలేదు. ఒక తెర పోయి ఇంకో తెర పడే లోపల అడవి కాస్తా అంతఃపురమైపోతోంది. హార్మోనియం కూడా పక్కనే, అప్పటికప్పుడు వాయిస్తున్నారు. ఘటోత్కచుడి ముందు లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్తుంటే మా బాబు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. నాలుగు దాటాక వాడికి అంకెలు తారుమారయ్యాయి.

టికెట్లు ముందుగా తీసుకున్నామని గొప్పగా మూడో వరసలో కూర్చున్నాం. అదే పొరపాటు. అక్కణ్ణించి లైటు పడినప్పుడల్లా లడ్డూకి కట్టిన సన్నటి తీగ మెరిసింది. తొమ్మిదేళ్ళ మా పాప పట్టేసింది. "నానమ్మా, దారం!" అంది హాలంతా వినపడేలా. అత్తయ్య దాని నోరు మూసి "నాకు కనపళ్ళేదు, నువ్వు కూడా చూడకు" అన్నారు. చిన్నపిల్లలతో వెళ్తే పదో వరస తర్వాత తీసుకోండి.