కావలి రోడ్ల మీద నాలుగు ఫోర్ వీల్ డ్రైవు బండ్లు

నేను 2006 నుంచి ఇప్పటి వరకు నాలుగు ఫోర్ వీల్ డ్రైవు బండ్లు కొన్నాను. మొదటిది సెకండ్ హ్యాండులో తీసుకున్న మారుతి జిప్సీ కింగ్, తరవాతది టాటా సఫారీ, మూడవది రెనో డస్టర్, నాలుగవది 2023 చివరలో ఇంటికి వచ్చిన మారుతి జిమ్నీ. మొదటి రెండింటినీ అమ్మేశాను. మిగిలిన రెండూ కావలిలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉన్నాయి. మైలేజీ, రీసేల్, సర్వీసు ఖర్చుల సంగతి చెప్పేవాళ్ళు ఎందరో ఉన్నారు గనుక వాటి జోలికి నేను ఎక్కువగా పోను. నాలుగు చక్రాలకూ శక్తి అందడం వల్ల నడిపేవాడికి దక్కే సరదా ఏ బండిలో ఎంత, అది ఎలాంటి దారిలో దక్కింది అన్నంత వరకే ఈ సమీక్ష.

నా దారులు ఎలాంటివో ముందు చెప్పకపోతే నా తీర్పుకు అర్థం ఉండదు. వారంలో నాలుగైదు రోజులు తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటల దగ్గరికి వెళ్తాను. అక్కడ కొంతదూరం తారు, కొంతదూరం గ్రావెలు, చివర గుంటల మధ్య ఒక బండి మాత్రమే పట్టే మట్టి గట్లు. అత్తగారి ఊరు కందుకూరు వైపు పొగాకు పొలాల మధ్య ఉంది. ఎండాకాలంలో నెర్రెలిచ్చే ఆ నల్లరేగడి, నాలుగు చినుకులు పడితే టైరు గాడులన్నీ నిండిపోయేలా అంటుకుంటుంది. నెలకో రెండు నెలలకో రాపూరు నుంచి చిట్వేలి పోయే ఘాట్, లేదా గిద్దలూరు దాటాక దిగువమెట్ట మీదుగా నల్లమలలోకి ఎక్కే ఘాట్ పని ఉన్నా లేకపోయినా చుట్టి వస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు వానలు ముఖ్యం. నా నాలుగు బండ్ల అసలు పరీక్ష ఏటా ఆ మూడు నెలల్లోనే జరిగింది.

జిప్సీ 2002 నాటిది: పదమూడు వందల సీసీ పెట్రోలు ఇంజను, 80 బీహెచ్‌పీ, సుమారు టన్ను బరువు, నాలుగు మూలలా స్ప్రింగులుగా కమాను పట్టీలు. పవర్ స్టీరింగు లేదు, ఏసీ లేదు. మామూలుగా అది వెనక చక్రాలతోనే నడుస్తుంది. నా బండికి ఫోర్ వీల్ వేయాలంటే ముందు కిందికి దిగి, ముందు చక్రాలు రెండింటి నడిబొడ్డున ఉండి, వాటిని ఇరుసుకు కలిపే హబ్బులను చేత్తో తిప్పి లాక్ చేసి, మళ్ళీ ఎక్కి, గేరు రాడ్డు పక్కనున్న పొట్టి లివరును లాగాలి. వానలో పంచె ఎగ్గట్టి వంగి ఆ హబ్బు తిప్పడం కష్టమే అయినా, ఆ పని చేసేటప్పుడు ఎదురుగా ఉన్న బురదను ఒక నిమిషం పాటు నిలబడి చూసే అవకాశం దొరికేది. ఎక్కడ లోతుందో, ఏ గాడిలో చక్రం పెట్టాలో అప్పుడే తేలేది. దిగడానికి బద్ధకించి నేరుగా వెళ్ళిన రోజున, బండి ఇరుక్కున్నాక హబ్బు కోసం బురదలో చెయ్యి పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. బరువు తక్కువ కావడం దాని అసలు బలం. పెద్ద బండ్లు దిగబడే చోట అది పైపైన తేలినట్టు పోయేది. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే కింది గేరులో వేసి, యాక్సిలరేటరును కదపకుండా పట్టుకుంటే, ఏ చక్రం పట్టు దొరికించుకుందో, ఏది జారుతోందో సీటు కిందినుంచే తెలిసేది. ఆ తెలివిడి ఆ తరవాత ఏ బండీ నాకు అంత స్పష్టంగా ఇవ్వలేదు.

అయితే తారు రోడ్డు మీద జిప్సీ సరదా సగానికి సగం తగ్గిపోయేది. హైవే మీద ఎనభై దాటితే గాలి చప్పుడుకు మాటలు వినిపించేవి కావు. చప్టా కనబడగానే వెనక సీట్లలో కూర్చున్నవాళ్ళు కడ్డీలు పట్టుకునేవాళ్ళు. పైగా పొడి తారు మీద దాని ఫోర్ వీల్ వాడకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా పెద్ద వలయం తిరుగుతాయి. రెండు ఇరుసులనూ ఒకే వేగానికి బిగించినప్పుడు ఆ తేడా ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. బురదలోనైతే టైరు జారి సర్దుకుంటుంది. తారు మీద టైరు జారదు గనుక స్టీరింగు బిగుసుకుని, బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు మొరాయిస్తుంది, ఆ ఒత్తిడంతా గేర్లు, షాఫ్టుల మీద పడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే కింద డస్టర్ గురించి నేను ఎందుకు అంతగా చెప్తున్నానో అర్థమవుతుంది.

సఫారీ గురించి రాయడానికి ఎక్కువ లేదు. 2010లో కొన్నది, 2.2 లీటర్ల డీజిలు, 140 పీఎస్. డాష్‌బోర్డు మీద బిరడా తిప్పితే ఫోర్ వీల్ పడేది, హబ్బుల కోసం దిగే పని లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఈనాటికీ దాన్నే తలుచుకుంటారు. తిరుపతికి, శ్రీశైలానికి కుటుంబమంతా కాళ్ళు చాపుకుని వెళ్ళింది అందులోనే. కానీ సుమారు రెండు టన్నుల బరువు మలుపు మలుపుకూ ఒరిగేది, ఫోర్ వీల్ ఏడాదికి నాలుగైదుసార్లకు మించి వాడలేదు. అది నేర్పిన పాఠం మాత్రం ఒకటుంది. ఒకసారి అత్తగారి ఊళ్ళో తడి రేగడి మీద నాలుగు చక్రాల ధీమాతో వేగంగా వెళ్ళి బ్రేకు వేస్తే, బండి ఆగకుండా తిన్నగా జారి పొగాకు సాళ్ళలోకి దిగింది. ముందుకు కదలడానికి నాలుగు చక్రాల శక్తి సాయం చేస్తుంది గాని, ఆగడం దగ్గర అన్ని కార్లకూ ఉన్నవి ఆ నాలుగు బ్రేకులే, ఆ నాలుగు టైర్లే. తప్పు పూర్తిగా నాది. నష్టపోయిన మొక్కలకు మామగారు నన్నేమీ అనలేదు గాని, ఆ రోజు భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

డస్టర్ 2015లో వచ్చింది. ఆ బండి ఇండియాలో 2012లోనే విడుదలైనా, నాలుగు చక్రాల శక్తి ఉన్న రకం 2014లో వచ్చింది. ఒకటిన్నర లీటర్ల డీజిలు, 110 పీఎస్, ఆరు గేర్లు. దీనికి విడిగా కింది గేర్ల పెట్టె లేదు. దానికి బదులు మొదటి గేరునే చాలా పొట్టిగా చేశారు, అందుకే సమతలం మీద నేను రెండో గేరులోనే బయల్దేరతాను. మధ్యలో ఒక బిరడా ఉంటుంది: టూ వీల్, ఆటో, లాక్. ఆటోలో పెడితే మామూలుగా శక్తి ముందు చక్రాలకే పోతుంది. ముందు చక్రం జారబోతున్నట్టు కంప్యూటరుకు తోస్తే, వెనక ఇరుసు దగ్గరున్న విద్యుదయస్కాంత క్లచ్ బిగిసి వెనక చక్రాలకు అవసరమైనంత శక్తి పంపుతుంది. అవసరం తీరగానే వదులవుతుంది. అంటే పొడి తారు మీద అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు, తడి తారు మీద ఎవరినీ అడగదు.

ఇది కాగితం మీద చప్పగా ఉంటుంది. ఆ ఏడాది నవంబరు వానల్లో, చిట్వేలి వైపు నుంచి రాపూరుకు ఘాట్ దిగి వస్తున్నప్పుడు మాత్రం నాకు కొత్త సంగతి తెలిసింది. మన వాన ఊరంతా ఒకేలా పడదు. ఒక మలుపు దగ్గర కుండపోత, తరవాతి మలుపు పొడిగా ఎండలో ఉంటుంది, ఆ తరవాతి మలుపులో కొండమీది నుంచి జారిన ఎర్రమట్టి తారు మీద పరుచుకుని ఉంటుంది. ఇలాంటి చోట జిప్సీలోనైనా సఫారీలోనైనా రెండే దారులు: ఫోర్ వీల్ వేసుకుంటే పొడి మలుపుల్లో బిగుసుకుంటుంది, తీసేస్తే తడి మలుపుల్లో వెనక భాగం పక్కకు పోతుంది. కిలోమీటరుకు మూడుసార్లు లివరు లాగుతూ ఎవరూ ఘాట్ దిగలేరు. డస్టర్‌లో బిరడాను ఆటోలో వదిలేసి, మలుపు సగం తిరిగాక యాక్సిలరేటరు మెల్లగా నొక్కితే, ముక్కు బయటికి పోబోయి, అంతలోనే ఆగి, ఏరు దాటే ఎడ్లబండికి వెనక నుంచి ఇద్దరు మనుషులు భుజమిచ్చినట్టు బండి లోపలికి తిరిగి ముందుకు పోతుంది. ఆ క్షణం కోసమే నేను ఇప్పటికీ వాన మబ్బు చూసి తాళాలు తీసుకుంటాను. మా ఆవిడ దీన్ని వానాకాలపు జబ్బు అంటుంది.

రెండో కారణం వెనక సస్పెన్షన్. ముందు చక్రాలతో మాత్రమే నడిచే డస్టర్‌కు వెనక రెండు చక్రాలనూ కలిపే దూలం ఉంటుంది. ఈ రకానికి ఏ చక్రం గుంత దానిదే అన్నట్టు విడివిడిగా కదిలే ఏర్పాటు ఉంది. బకింగ్‌హామ్ కాలువ వంతెన దాటాక తారు పోయి గ్రావెలు మొదలయ్యే చోట జిప్సీని ఇరవైకి, సఫారీని నలభైకి తగ్గించేవాణ్ణి. డస్టర్‌ను అసలు తగ్గించకుండా వెళ్ళినా గుంతల మీద అది అదరదు. అయితే రెండు వేల ఆర్‌పీఎం లోపల ఇంజను నిద్రపోతున్నట్టే ఉంటుంది, తప్పు గేరులో ఎత్తు ఎక్కబోతే నీరసపడిపోతుంది. గుంతల్లో స్టీరింగు చేతులను కుదుపుతుంది. ఇవన్నీ కొన్నేళ్ళకు అలవాటైపోయాయి.

దాని హద్దు ఎక్కడో ఇసుక చెప్పింది. సరుగుడు తోపు దాటి సముద్రపు ఒడ్డు దాకా పోదామని, టైర్లలో గాలి తీయకుండా దిగాను. కాసేపు పోయాక ఫోర్ వీల్ దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది, వెనక చక్రాలు తిరగడం మానేశాయి. ఆ క్లచ్ కాస్సేపు జారే పనికే గాని, మెత్తటి ఇసుకలో ఆగకుండా లాగే పనికి కాదు. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వదిలేస్తుంది. గుంటల కాపలాదారు అటువైపు వచ్చి చూసి, "ఏంది సార్, ఈ బండికి కూడా ట్రాక్టరేనా?" అన్నాడు. అరగంట చల్లారనిచ్చి, గాలి పద్దెనిమిదికి దించితే ట్రాక్టరు రాకముందే బయటపడ్డాను గాని, పిలిచినందుకు ట్రాక్టరు డబ్బులు ఇవ్వక తప్పలేదు.

జిమ్నీ కొనడానికి కారణం నిజం చెప్పాలంటే జిప్సీ మీది బెంగ. 2023 జూన్‌లో అయిదు తలుపుల జిమ్నీ మన మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని కింది భాగం వివరాలు చదివి, ఇది మళ్ళీ ఆ కుటుంబపు బండే అనుకున్నాను: నిచ్చెన ఆకారపు ఛాసిస్, ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే గట్టి ఇరుసులు, కింది గేర్లు, పొట్టి లివరు. కమాన్ల బదులు కాయిల్ స్ప్రింగులు, హబ్బుల కోసం దిగే పని లేదు, ఏసీ ఉంది. 1,645 మిల్లీమీటర్ల వెడల్పుతో గుంటల గట్ల మీద అద్దాలు మడవకుండా పోతుంది. డస్టర్‌ను ఆ గట్ల మీదికి తీసుకుపోయిన రోజున మేత బస్తాలు దించేవాళ్ళు పక్కకు తప్పుకోవడానికి చోటు లేక నీళ్ళలోకి దిగాల్సి వచ్చింది. ఒక చక్రం గాలిలో ఊరికే తిరుగుతుంటే దానికి బ్రేకు పట్టి, శక్తిని రెండో చక్రానికి మళ్ళించే ఏర్పాటు కూడా ఉంది. రేగడిలో అది టకటకమని చప్పుడు చేస్తూ పనిచేస్తుంటే వినడం ముచ్చటగా ఉంటుంది. దారే లేని చోట నా నలుగురిలో ఇదే మొదటిది, అందులో సందేహం లేదు.

కానీ కావలి నుంచి ఒంగోలుకు హైవే మీద వెళ్ళేటప్పుడు అంత ఆనందం లేదు. 105 పీఎస్ అని రాసి ఉన్నా, టార్కు 134 న్యూటన్ మీటర్లే గనుక గ్రానైటు రాళ్ళు వేసుకుపోయే ట్రాలీని దాటడానికి ముందుగానే మూడో గేరుకు దిగి కాచుకోవాలి. స్టీరింగు మలుపు తరవాత తనంతట తాను తిన్నగా అవ్వదు, సముద్రపు గాలి పక్కనుంచి కొడితే బండి చిన్నగా ఊగుతుంది. ఇక ఘాట్‌లో, ఇందాక చెప్పిన పొడి తడి మలుపుల దగ్గర, దీనిదీ జిప్సీ కథే. రెండు ఇరుసులనూ కలిపి బిగించే పద్ధతి మారలేదు, మారకూడదు కూడా. అది మారితే గట్ల మీద దానికున్న బలం పోతుంది. గత డిసెంబరులో దిగువమెట్ట ఘాట్ రెండు వరస వారాల్లో రెండు బండ్లతోనూ ఎక్కాను. జిమ్నీలో నా దృష్టంతా రోడ్డు తడిగా ఉందా లేదా అని లెక్క వేయడంలో పోయింది, డస్టర్‌లో మలుపుల మీద ఉంది.

నాలుగు చక్రాల బండి ఉందని వరదలోకి దిగే సరదా మాత్రం నాకు ఏ బండీ నేర్పలేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు నెల్లూరు వెళ్ళవలసిన పనిని వాయిదా వేసుకుని ఇంట్లోనే కూర్చున్నాను. పారే నీళ్ళ కింద రోడ్డు ఉందో లేదో ఏ బిరడా చెప్పదు.

కాబట్టి రోడ్డు కారుగా ఎందులో ఎక్కువ సరదా అని అడిగితే నా సమాధానం డస్టర్, రోడ్డు లేని చోట జిమ్నీ. రెండింటిలో ఒకదాన్ని అమ్మేయమని మా అమ్మాయి రెండేళ్ళుగా పోరుతోంది. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగ మీద బీఎస్ సిక్స్ నిబంధనలు వచ్చినప్పుడు మన దేశంలో ఆ డీజిలు డస్టర్ తయారీ ఆగిపోయింది గనుక, అమ్మితే అలాంటిది మళ్ళీ దొరకదు. లక్షా నలభై వేల కిలోమీటర్లు దాటింది, ఒకసారి క్లచ్ ప్లేట్లు మార్చాను, ఈ అక్టోబరులో నాలుగు కొత్త టైర్లు వేయించాను. జిమ్నీని అమ్మాయికే ఇచ్చేస్తానన్నాను. గుంటల దగ్గరికి రోజూ తనే వెళ్ళాలన్న షరతు విని ఇంకా ఆలోచిస్తోంది.

నా జిప్సీని కొన్న రైతు వింజమూరు వైపు మనిషి. పోయినేడు అక్కడి సెంటరులో అది ఎండలో ఆగి ఉండడం చూసి దగ్గరికి వెళ్ళాను. ముందు చక్రాల హబ్బులు రెండూ లాక్‌లోనే ఉన్నాయి. పొడి రోడ్డు మీద ఇవి ఇలా ఉంటే ముందు ఇరుసు ఊరికే తిరిగి పెట్రోలు దండగ, వెనక్కి తిప్పుకో అని డ్రైవరు కుర్రవాడికి చెప్పాను. అతను వంగి హబ్బును ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "అవి తిరుగుతాయా సార్?" అన్నాడు.