‘లవ్ మీ డూ’లో డ్రమ్స్: ముగ్గురు వాయించారు, ఎవరిది మేలు?

ఇంగ్లండ్ బ్యాండు బీటిల్స్ మొదటి సింగిల్ (ఒకటి రెండు పాటలతో విడిగా వచ్చే డిస్కు) ‘లవ్ మీ డూ’ను 1962లో లండన్ ఈఎంఐ స్టూడియోలో మూడుసార్లు రికార్డు చేశారు. జూన్ 6న డ్రమ్స్ వాయించింది పీట్ బెస్ట్. సెప్టెంబరు 4న రింగో స్టార్. వారం తిరిగేసరికి, 11న, ఆండీ వైట్. మూడూ ఎప్పుడో ఒకప్పుడు బయటికొచ్చాయి. మూడింటికీ పేరు ఒకటే. అందుకే రింగో అభిమానులు మురిసిపోతూ వినే ఆ దరువు చాలాసార్లు రింగోది కానే కాదు.

గుర్తుపట్టడం తేలికే. మన కంజీరకి అన్నలాంటి టాంబురిన్ గలగల వినిపిస్తే అది ఆండీ వైట్ టేక్, అంటే ఆయనతో చేసిన రికార్డింగు. డ్రమ్స్ దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి, రింగో చేతికి టాంబురిన్ ఇచ్చారు. అది వినిపించకపోతే రింగోదే. పాట మధ్యలో నడకే మారిపోతే పీట్ బెస్ట్.

పీట్ టేక్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పాట నింపాదిగా సాగుతుంది. మౌత్ ఆర్గాన్ దగ్గరికొచ్చేసరికి ఆయన దరువు మార్చాడు. అక్కడ మారింది దరువొక్కటే కాదు, వేగం కూడా. మళ్లీ దారిలో పడేదాకా వినేవాళ్లకే టెన్షన్. ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్‌కి ఆయన వాయించడం నచ్చలేదు, రికార్డింగుకి బయటి డ్రమ్మర్ని పెట్టుకుంటానన్నాడు. ఆగస్టు 16న మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ పీట్‌ని పిలిచి తీసేస్తున్నామని చెప్పాడు. పీట్ ఉద్యోగం ఈ ఒక్క పాటతోనే ఊడిందనడం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది. బ్యాండులో మిగతా ముగ్గురికీ, అంటే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్‌లకి, రింగో మీద ఎప్పటినుంచో కన్నుంది. ఈ టేక్ 1995లో ‘ఆంథాలజీ 1’ అనే పాటల సంకలనం వచ్చేదాకా జనం చెవిన పడలేదు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఒకసారి వింటే చాలు.

అసలు పోటీ సెప్టెంబరు టేకులు రెండింటికే.

రింగో ఆ ముగ్గురికీ కొత్తవాడేం కాదు. 1960 అక్టోబరులో హాంబర్గ్‌లోని అకుస్టిక్ అనే చిన్న స్టూడియోలో, రోరీ స్టార్మ్ అనే ఆయన నడిపే వేరే బ్యాండులోని ఒక గాయకుడి వెనక జాన్, పాల్, జార్జ్, రింగో కలిసి వాయించారు. అప్పటికి రింగో ఉన్నది రోరీ స్టార్మ్ బ్యాండులోనే. ఆ డిస్కు ఇప్పటిదాకా జనం ముందుకు రాలేదు. కానీ ఒకరోజు సరదాగా కలిసి వాయించడం వేరు, బ్యాండులో కుదురుకోవడం వేరు. బీటిల్‌గా రింగో మొదటి ప్రదర్శన ఆగస్టు 18న. ‘లవ్ మీ డూ’ రికార్డు చేసేనాటికి మధ్యలో గడిచింది రెండున్నర వారాలే. టేక్ వింటే అది తెలుస్తుంది. బేస్ డ్రమ్, పాల్ బేస్ గిటార్ ఇంకా ఒకే అడుగు వేయడం లేదు. అక్కడక్కడా రింగో వెయ్యాలా వద్దా అన్నట్టు వేస్తాడు.

ఆండీ వైట్ అప్పటికే పేరున్న సెషన్ డ్రమ్మర్ (రికార్డింగులకి కూలికి వాయించేవాడు), గ్లాస్గోలో పుట్టినవాడు. 11న సెషన్ నడిపింది మార్టిన్ కాదు, రాన్ రిచర్డ్స్. ఆండీ తడుముకోకుండా కొట్టాడు. ఆ దరువు మీద టాంబురిన్ పడితే పాటకి ఒక బిగువొచ్చింది. పనితనమే కొలబద్ద అయితే ఆండీ టేకే పైచెయ్యి, అందులో నాకు రెండో మాట లేదు. అదే రోజు ‘పీ.ఎస్. ఐ లవ్ యూ’కీ ఆయనే డ్రమ్స్. రింగోకి అక్కడ మారకాస్, అంటే ఊపితే గలగలమనే గిలకలు, ఇచ్చారు. పీట్‌ని పంపినట్టే నన్నూ పంపేస్తున్నారని ఆ రోజు అనిపించిందని రింగో తర్వాత చెప్పాడు. ఆ మంట చాలా ఏళ్లు ఆరలేదు.

ఇంత చేసి, అక్టోబరు 5న వచ్చిన మొదటి సింగిల్ మీద వేసింది మాత్రం రింగో టేకునే! బ్రిటన్‌లో అది 17వ స్థానం దాకా వెళ్లింది. 1963 మార్చిలో వచ్చిన మొదటి ఆల్బమ్‌లోకి ఆండీ టేక్ ఎక్కింది, ఆ తర్వాత అచ్చేసిన సింగిల్స్ మీద కూడా అదే. 1964లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లిందీ అదే. రింగో టేక్ అసలు టేపు మిగల్లేదు. అందుకే 1988లో ‘పాస్ట్ మాస్టర్స్’ అనే సంకలనం కోసం దాన్ని పాత డిస్కు నుంచే ఎక్కించుకోవాల్సి వచ్చింది. పక్కపక్కన పెట్టి వింటే రింగో టేక్ కాస్త మసకగా ఉండడానికి కారణం ఇదే, దానికి రింగోని తప్పుపట్టకూడదు.

మరి ఏది వినాలి? ఈ పాట ఎప్పుడూ విననివాళ్లకి నేను ఆండీ టేకే పెడతాను, శుభ్రంగా ఉంటుంది. నాకోసం పెట్టుకునేది మాత్రం రింగోదే. ఆండీ టేకులో ఒక బ్యాండు, దాని పక్కన పని తెలిసిన ఒక అతిథి వినిపిస్తారు. రింగో టేకులో నలుగురు కుర్రాళ్లు భయపడుతూ ఒకరి మీద ఒకరు ఆనుకుని వాయిస్తున్నట్టుంటుంది. ఆ తడబాటు నాకు ముద్దు. ఆ నవంబరు 26న వీళ్లే ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ సింగిల్ రికార్డు చేశారు. డ్రమ్స్ దగ్గర రింగోకి బెదురు లేదు. అందులోనూ వాయించింది తనేనని ఆండీ ముసలితనంలో అన్నాడు కానీ, నా చెవికి అది ఒప్పలేదు.

2023 నవంబరులో బీటిల్స్ పాట ‘నౌ అండ్ దెన్’ వచ్చినప్పుడు, సింగిల్‌కి రెండో వైపు ‘లవ్ మీ డూ’ పెట్టారు. కంప్యూటర్ సాయంతో గొంతులు, వాయిద్యాలు విడదీసి కొత్తగా స్టీరియో మిక్స్ చేశారు. దానికి ఎంచుకున్నది టాంబురిన్ లేని సెప్టెంబరు 4 టేక్.