సీపీఎం 3వీ ఉక్కు కత్తా, డీ2 ఉక్కు కత్తా?
కట్టెలు చీల్చడానికి, కొమ్మలు నరకడానికి కత్తి కావాలంటే నేనైతే కళ్లు మూసుకుని 3వీ తీసుకోమంటాను. డీ2లో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి, దాంతో లోపల పెద్ద పెద్ద కార్బైడ్లు (కార్బన్, లోహం కలిసిన గట్టి రేణువులు) ఏర్పడతాయి, అవి అంచును త్వరగా అరగనివ్వవు, కానీ గట్టి ముడి మీద వేటు పడిందా, అంచు అక్కడే పెచ్చు లేచిపోతుంది. నా డీ2 కత్తిని వెలుతురుకి పట్టి చూస్తే ఆవగింజలో సగమంత నొక్కు తళుక్కుమంది, అది పోయేదాకా రాయి మీద అరగదీసేసరికి చేతులు పడిపోయాయి.

3వీని లోహపు పొడి నుంచి తయారుచేస్తారు, కార్బన్ దాదాపు 0.8 శాతమే. కార్బైడ్లు సన్నగా, సమంగా పరుచుకుంటాయి కాబట్టి దెబ్బ బాగా తట్టుకుంటుంది.

అట్టపెట్టెలు, తాళ్లు కోయడానికే అయితే డీ2 చాలు, ధర కూడా తక్కువ. తుప్పు సంగతా? రెండూ స్టెయిన్‌లెస్ కావు, వాడాక తుడిచి నూనె రాయాల్సిందే.

కొనేముందు, ఉక్కును వేడిచేసి చల్లార్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ గురించి తప్పకుండా అడగండి. అది చెడితే 3వీ అయినా దండగే.