నీటి అంచున ఒక సాయంత్రం: సిడ్నీయా, సింగపూరా?

చరిత్రే కావాలంటే సిడ్నీ ఒపేరా హౌస్. ఒకప్పటి ట్రాముల షెడ్డు స్థలంలో కట్టారు, 1973లో ప్రారంభమైంది. దాన్ని రూపొందించిన డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ 1966లో పని మధ్యలోనే తప్పుకొన్నారు. పూర్తయిన భవనాన్ని కళ్లారా చూడకుండానే కన్నుమూశారు. తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. దూరానికి తెల్లగా కనిపించే పైకప్పుకు దగ్గరికి వెళితే రెండు రంగులు: నిగనిగలాడే తెల్ల పెంకులు, మెరుపులేని మీగడ రంగు పెంకులు.

సింగపూర్‌లో కచేరీలు, నాటకాలు జరిగే కళాకేంద్రం ఎస్‌ప్లనేడ్ 2002 నాటిది. ఎండ తగలకుండా అమర్చిన ముళ్లలాంటి అల్యూమినియం పలకల వల్ల స్థానికులు డ్యూరియన్ పండు అంటారు; మనకైతే పనసకాయే గుర్తొస్తుంది. ఏటా భారతీయ కళలకు ‘కళా ఉత్సవం’ జరుపుతారు. నీటి ఒడ్డున ఆరుబయట వేదిక దగ్గర టికెట్టు లేకుండానే ఎన్నో కచేరీలు వినవచ్చు. పిల్లలతో వెళ్లేవారికి నా ఓటు దీనికే.